షోలాపురంలో ఉన్న మా మామ

పోయిన వారం ఏదో సర్వే అంటూ ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. చేతిలో పలకంత ఫోను. నా సంగతులు రెండు నిమిషాల్లో తేలిపోయాయి. వయసు, చదువు, భార్య పోయిన సంగతి, అంతే. తొంభై దగ్గరికి వచ్చిన మనిషిని అడగడానికి ఇంకేం మిగులుతుంది? తర్వాత ఆ అమ్మాయి మా ఇంట్లో వంట చేసే ఆమె వైపు తిరిగింది. ఆమెది రాజంపేట దగ్గర ఒక పల్లె. భర్త కువైట్ పోయి పదకొండేళ్ళు. మొదట్లో వారం వారం ఫోను చేసేవాడట, తర్వాత పండగలకు చేసేవాడట, తర్వాత అదీ లేదు. "వివాహితా, వితంతువా, విడాకులా అక్కా?" అని అడిగింది అమ్మాయి. వంటామె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఏదో ఒకటి నొక్కకపోతే ఇది ముందుకు పోదక్కా" అంది అమ్మాయి, విసుక్కోకుండానే. "నీకు ఏది సులువైతే అది నొక్కుకో పాపా, పొయ్యి మీద పప్పుండాది" అని వంటామె లోపలికి వెళ్ళిపోయింది. అమ్మాయి నా వైపు చూసింది. సభల్లో ఎవరేం అడిగినా ఆ క్షణంలోనే జవాబిస్తానని నాకొక పేరు. ఆ రోజు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాను. అదే ప్రశ్నను, ఇంతకంటే గట్టిగా, ఒక వీధి వీధంతా వినేలా, ఒకప్పుడు అడిగినవాణ్ణి నేనే.

మా ఊరు కడప జిల్లాలో ఒక నేత ఊరు. మగ్గం అంటే ఒక్కడే గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని చేసుకునే పని అని బయటివాళ్ళు అనుకుంటారు. నేసేటప్పుడు అది నిజమే. కానీ నేతకు ముందు పడుగు ఉంది. చీరలో నిలువుగా పోయే నూలంతా పడుగు. దాన్ని వీధి పొడుగునా వెదురు కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. ఎండ ముదరకముందే అయిపోవాలి. ముదిరితే గంజి బిగిసి పోగులు పెళుసవుతాయి. ఇది ఒక్క ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదు. అందుకని ఎవరి పడుగైనా వీధి మొత్తం వచ్చేది. కొసలు లాగి పట్టేవాళ్ళు ఇద్దరు బలమైనవాళ్ళు. కుంచె పట్టి అడుగులో అడుగేసుకుంటూ నడిచేవాళ్ళు పనిమంతులు. గంజి కాచేవాళ్ళు ఆడవాళ్ళు. ఎవరి చోటు వాళ్ళది, ఎవరూ చెప్పనక్కర లేదు. నా చోటు నడిమి కర్ర. పడుగు మధ్యలో జారితే ఎత్తి పట్టడం నా పని. స్కూలు ఫైనలు ప్యాసయ్యాను కాబట్టి నా చేతికి కుంచె ఇస్తే పోగులు తెగుతాయని వీధి తీర్మానించింది. ఆ తీర్మానానికి హేతువేమిటని నేను చాలాసార్లు అడిగాను. "నువ్వు అడిగే తీరులోనే ఉండాది హేతువు" అనేవాడు మా నాయన.

పడుగు మీద పోగులు తెగుతూనే ఉంటాయి. తెగిన కొసలు గంజికి పక్క పోగులతో అంటుకోకముందే పట్టుకుని, రెండు వేళ్ళ మధ్య పురి తిప్పి అతకాలి. ఆ పని మా అత్తది. మా నాయన చెల్లెలు, నాకంటే పదకొండేళ్ళు పెద్ద. పడుగు పక్కన వంగి నడుస్తూ పోయేది. ఆమె చేతులు ఎక్కడ ఆగాయో, ఎప్పుడు కదిలాయో చూసేవాళ్ళకు తెలిసేది కాదు. ఆమె అతికిన చోటు తర్వాత వేలితో తడిమినా దొరికేది కాదు. వీధిలో ఏ ఇంట పడుగు వేసినా ముందు మా వాకిట్లోకి వచ్చి "అక్కా, రేపు మాది" అని చెప్పి పోయేవాళ్ళు.

ఆమెకు పదిహేనో ఏట పెళ్ళయింది. ఆమెకు పద్దెనిమిదేళ్ళప్పుడు ఆమె భర్త, మా మామ, షోలాపురం మిల్లులో పని దొరికిందని వెళ్ళాడు. మా వైపు నేతవాళ్ళు చాలామంది అప్పుడు అటే పోయారు. ఒక ఏడాది రెండు ఉత్తరాలు, ఒక చీర వచ్చాయి. ఆ తర్వాత ఏమీ రాలేదు. అత్త మా ఇంటికి వచ్చేసింది. నా ఎనిమిదో ఏట నుంచి ఆమె మా ముందరి గదిలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ ఉండేది. నుదుట బొట్టు, చేతులకు గాజులు. ఎవరైనా కొత్తవాళ్ళు అడిగితే "మా ఆయన షోలాపురంలో ఉండాడు" అనేది. పద్నాలుగేళ్ళ తర్వాత కూడా "ఉండాడు" అనే అనేది. వీధిలో ఎవరూ ఆ మాటను లాగి చూడలేదు. ఆమె కూడా వీధిని ఇబ్బంది పెట్టలేదు. పెళ్ళిళ్ళలో పసుపు కుంకుమల దగ్గర ముందుకు వచ్చేది కాదు, అలాగని గదిలో దాక్కునేదీ కాదు. పిండి విసరడం, కానుపుల దగ్గర కూర్చోవడం, ఏడ్చే పిల్లల్ని ఎత్తుకోవడం, పోగులు అతకడం, ఇలా భర్త ఉన్నాడా లేడా అని ఎవరూ అడగనక్కర లేని పనులన్నీ ఏరుకుని వాటితో తనకొక చోటు కట్టుకుంది. ఇది నాకు ఇప్పుడు అర్థమైన సంగతి. అప్పుడు నాకు అర్థమైంది వేరు. ఆమెకు అన్యాయం జరుగుతోందని, దాన్ని సరిదిద్దడానికి ఈ వీధిలో నేనొక్కణ్ణే పుట్టానని అప్పుడు నా నమ్మకం.

ఆ నమ్మకానికి నూనె పోసింది మా ఆదివారం సభ. ఊళ్ళో చదువుకున్నవాళ్ళు ఏడెనిమిది మంది బడి గదిలో కూడి చర్చలు పెట్టేవాళ్ళం. దేవుడున్నాడా, కులమెందుకు, ముహూర్తాలు నిజమా, ఇవి మా విషయాలు. ఒక ప్లీడరుగారు అధ్యక్షులు. నిజంగా మంచివాడు, పెద్ద గొంతు. ఆ గదిలోనూ పడుగు దగ్గర లాగే ఎవరి చోట్లు వాళ్ళకున్నాయి. శాస్త్రం మాట వస్తే సంస్కృతం అయ్యవారు, చట్టం మాట వస్తే ప్లీడరుగారు. నేను రాత్రింబవళ్ళు చదివి గ్రహణాల గురించి ఒకసారి ముప్పావు గంట మాట్లాడాను. అంతా విని ప్లీడరుగారు "మన చేనేత యువకుడు చక్కగా చెప్పాడు. శ్రామికుల్లో వచ్చిన చైతన్యానికి ఇది ఉదాహరణ" అన్నారు. చంద్రుడు ఎటు పోయాడో, నేను ఎటు పోయానో. ఆ గదిలో నేనేం మాట్లాడినా వాళ్ళకు మగ్గం చప్పుడే వినిపించేది. వీధికి పోతే అక్కడ నన్ను "లెక్చరు" అనేవాళ్ళు. సభలో నేసేవాణ్ణి, వీధిలో చదివినవాణ్ణి, రెండు చోట్లా ఒంటరివాణ్ణే. ఇరవై ఒక్క ఏళ్ళవాడికి ఆ ఒంటరితనం బాధగా కాకుండా గొప్పగా కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

మా వీధిలో ఒక ఆచారం ఉండేది. పడుగు సాగదీశాక కుంచెను మొదట ఒక ముత్తైదువ గంజిలో ముంచి, కర్రకు పసుపు రాసి, మగవాళ్ళ చేతికి అందించాలి. దాన్ని తొలి గంజి అనేవాళ్ళు. ఎప్పుడూ వీధి పెద్ద భార్యే ఆ పని చేసేది. ఒక ఆదివారం నేను దీని మీద విరుచుకుపడ్డాను. గంజికి ముత్తైదువను గుర్తుపట్టే కళ్ళున్నాయా అని అడిగాను. అందరూ చప్పట్లు కొట్టారు. "మాటలు సరే, చేసి చూపించగలవా?" అన్నారు ప్లీడరుగారు. వచ్చే వారమే మా ఇంటి పడుగు ఉంది. చూపిస్తానన్నాను. ఇంటికి పోయి అత్తకు చెప్పానా? లేదు. అది చెప్పవలసిన విషయమని తోచనే లేదు. మంచి చేయబోతున్నప్పుడు అవతలివాళ్ళను అడగడమేమిటి?

ఆ పొద్దున పడుగు సాగింది. వీధి పెద్ద భార్య కుంచె అందుకోబోతుంటే నేను నడిమి కర్ర వదిలి ముందుకు వచ్చాను. "ఈ పొద్దు తొలి గంజి మా అత్త పోస్తుంది" అన్నాను.

"ఏమప్పా లెక్చరూ, పొద్దు పొడవకముందే మొదలు పెట్టినావే" అన్నాడు వీధి పెద్ద. నవ్వులు.

"పెద్దనాయనా, ముత్తైదువే పోయాలని కదా మీ ఆచారం? మా అత్తకు బొట్టుంది, గాజులున్నాయి. ముత్తైదువ కాదా?"

"కాదని ఎవురన్యారు?"

"మరి ఎప్పుడూ ఆమెను పిలవరే?"

"పిలిచేదేముండాది? ఆయమ్మే ముందుకు రాదు. వస్తే వద్దంటామా?"

అక్కడ ఆగి ఉండాలి. ఆ పెద్దమనిషి తలుపు తీసే పెట్టాడు. అత్త రావచ్చు, రాకపోవచ్చు, ఎవరికీ నష్టం లేదు. కానీ ఎదుటివాడు ఒప్పుకున్నా వాదన ఆపలేని జబ్బు నాకప్పుడు ముదిరి ఉంది. "అట్లా తప్పించుకోవద్దు" అన్నాను. "ఆమె ముత్తైదువయితే అందరితో సమానంగా ముందు నిలబెట్టండి. విధవయితే ఆ మాట నోరు తెరిచి చెప్పండి. పద్నాలుగేళ్ళుగా ఒక మనిషిని రెండూ కాకుండా నడుమ నిలబెట్టారే! ఏదో ఒకటి తేల్చండి."

"యట్ల తేల్చేదప్పా?" అన్నాడు ఆయన, నిజంగానే తెలియక. "మాకు తెల్దు గదా."

"తెలియకపోతే తెలుసుకోండి!"

ఆ మాట వీధి ఆ కొస దాకా వినిపించింది. ఎవరూ నవ్వలేదు. కొసలు లాగి పట్టినవాళ్ళ చేతులు సడలి పడుగు కొంచెం కిందికి దిగింది. అత్త అప్పటికే వంగి, ఎక్కడో తెగిన పోగు కొసలు రెండూ చేతిలో పట్టుకుని ఉంది. తల ఎత్తలేదు. ఆ రెండు కొసలనూ అతికి, "గంజి సల్లారిపోతాంది. కుంచె పట్టండి" అంది. వీధి పెద్ద భార్య గబగబా కుంచె ముంచింది. పని మొదలైంది. నేను గెలిచానని నాకు అర్థమైంది, ఎందుకంటే ఎవరూ జవాబు చెప్పలేదు.

ఇంటికి వచ్చాక అత్త రాట్నం ముందు కూర్చుంది. నేనే కదిలించాను. "నీ కోసమే కదా అత్తా నేను మాట్లాడింది" అన్నాను.

"నా కోసం మాట్లాడినావు. నన్నొక మాట అడిగినావా?"

"అడగడానికి ఏముంది? న్యాయం న్యాయమే కదా."

"ఒరే నాయనా, వాండ్లు ఇన్నేండ్లు యాల అడగల్యా అనుకుంటాండావు? తెలివి లేకనా? షోలాపురానికి ఒక కార్డు ముక్క రాసే దిక్కు లేకనా?" అని రాట్నం ఆపింది. "తెలుసుకుంటే నన్ను ఏమన్నా చేయాల్సొస్తాది. అందుకని తెలుసుకోల్యా. నేనూ తెలుసుకోల్యా. అందరం కలిసి మోసుకుంటాంటిమి. నువ్వొచ్చి దించమన్యావు."

ఆమె అంత పొడుగ్గా మాట్లాడటం అంతకు ముందు నేను విననేలేదు. విన్నా ఆ రోజు ఒప్పుకోలేదు. మూఢత్వానికి మూఢత్వం తోడు అనుకున్నాను.

వీధి పెద్ద నిజాయితీపరుడు. నలుగురిలో అడిగిన మాట కాబట్టి జవాబు చెప్పాలనుకున్నాడు. షోలాపురంలో ఉన్న తన చుట్టానికి కార్డు రాయించాడు. నెలన్నరకు జవాబు వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆయన మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు, కూర్చోమంటే కూర్చోలేదు. కార్డు మా నాయన చేతికిచ్చాడు. మా నాయనకు చదువు రాదు, నా చేతికిచ్చాడు. చదివింది నేనే. మామ తొమ్మిదేళ్ళ కిందటే పోయాడు.

అత్త రాట్నం తిప్పుతూనే ఉంది. "యాడ జరిగిందంట?" అని అడిగింది.

"ఆస్పత్రిలోనంట అమ్మా" అన్నాడు వీధి పెద్ద.

"పక్కన ఎవురన్నా ఉన్యారంటనా?"

"ఆ సంగతి రాయల్యామ్మా."

ఆమె చేతిలో కండె నిండే దాకా చుట్టింది. నిండాక తీసి పక్కన పెట్టి లోపలికి పోయింది. వీధి పెద్ద నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. "తెలుసుకున్యాం అప్పా" అని మాత్రం అన్నాడు.

పదో రోజున ఆడవాళ్ళు నలుగురు వచ్చారు, చేయవలసింది చేయడానికి. వాళ్ళ కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి. అత్త గడప లోపలే నిలబడి చెప్పింది. "పద్నాలుగేండ్లు ఆయప్ప లేకుండానే పెట్టుకున్యా ఈ బొట్టు. ఈ పొద్దు ఆయప్ప కోసం యాల తీయాల? మీరు ఏడ్చొద్దు, పోయి పనులు చూసుకోండి." నా ఒళ్ళు పులకరించింది. మా సభలో ఏడాది పొడుగునా మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఆ రెండు ముక్కల ముందు నిలవవు. ఆమెను సభకు పిలిచి సన్మానించాలన్నాను. "మీ సంగం గింగం ఈ వాకిట్లోకి వచ్చిందంటే గంజి నీళ్ళు చల్తా" అంది. చల్లేదే.

ఆమెను ఎవరూ వెలివేయలేదు. ఒక్క మాట కూడా ఎవరూ అనలేదు. అదే నన్ను ఇప్పటికీ తొలుస్తుంది. అని ఉంటే పోట్లాడేవాణ్ణి, పోట్లాడటం నాకు చేతనవును. వాళ్ళు ఊరికే ఇబ్బంది పడ్డారు. ఇన్నాళ్ళూ తెలియదు కాబట్టి పిలిచారు. ఇప్పుడు తెలుసు. భర్త పోయిన మనిషి బొట్టుతో వచ్చి కొత్త పడుగు మీద చెయ్యి వేస్తే ఔననాలో కాదనాలో తేల్చుకోలేక, పిలవడమే మానుకున్నారు. "రేపు మాది" అని చెప్పేవాళ్ళు ఒక్కొక్కరే రావడం తగ్గింది. ఎదురుపడితే "ఈ తూరి మంచి నూలు వచ్చిండాది లే అక్కా, పోగులేమీ తెగల్యా" అనేవాళ్ళు. పోగులు తెగని నూలు ఈ భూమ్మీద ఎక్కడా లేదు. అత్త తల ఊపేది.

పొద్దున పడుగు మా వాకిలి ముందు నుంచి సాగినప్పుడు ఆమె గడప మీద కూర్చునేది. చీర కొంగు అంచును రెండు వేళ్ళ మధ్య పెట్టి తిప్పుతూ ఉండేది, పురి వేస్తున్నట్టు. ఒక రోజు సరిగ్గా మా వాకిలి ఎదురుగా ఒక పోగు తెగి వేలాడింది. కుంచెవాళ్ళు చూసుకోకుండా ముందుకు పోయారు. ఆమె లేచి, అటూ ఇటూ చూసి, నాలుగడుగులు వేసి దాన్ని అతికి, మళ్ళీ వచ్చి గడప మీద కూర్చుంది. ఎవరూ చూడలేదనుకున్నాను. కానీ ఆ తర్వాత పడుగులు మా ఇంటిని దాటి, అవతలి నుంచి మొదలుపెట్టారు. మా వాకిలి ముందు వీధి బోసిగా ఉండేది. మా ఇంటి పడుగుకు మాత్రం అందరూ వచ్చారు, ఎవరి చోట్లో వాళ్ళు నిలబడ్డారు. నేను నడిమి కర్ర పట్టుకున్నాను. అత్త ఆ రోజు తలనొప్పి అని లోపల పడుకుంది.

సభలో ప్లీడరుగారు "మీ మేనత్తగారి విషయం మంచి ఉదాహరణ, వచ్చే వారం దాని మీద మాట్లాడు" అన్నారు. ఉదాహరణ అన్న ఆ మాట నాకు బాగా తెలిసిందే. గ్రహణాల రోజున నా మీద పడింది అదే. నన్ను నన్నుగా వినలేదని ఎంత మండిపోయానో, అదే పని నేను ఇంట్లో చేశాను, అదీ సొంత అత్త మీద. నేను మాట్లాడలేనన్నాను. ఆ ఆచారం తప్పు కాదని ఇప్పటికీ ఎవరైనా అంటే నేను ఊరుకోను. గంజికి కళ్ళు లేవు. ఆ మాటలో నాకు ఈనాటికీ ఏ లోపమూ కనపడదు. లోపమంతా దాన్ని రుజువు చేయడానికి ఇంకొకరి నుదురును వాడుకోవడంలో ఉంది.

కొన్ని నెలలకు అత్త తన మూటతో బస్సెక్కింది. కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక నేత పట్నంలో మా దూరపు చుట్టం, ఒక ముసలమ్మ ఒంటరిగా ఉండేది. ఆమెకు తోడుగా ఉంటానని వెళ్ళింది. నేను ఆ వేళ ఇంట్లో లేను. ఉన్నా చెప్పేదని అనుకోను.

తర్వాత ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. నాకు అక్కడ ఒక ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. డేరాల్లో ఆఫీసులు, డేరాల్లోనే కాపురాలు. గాలి వీస్తే ఫైళ్ళ మీద ఎర్రమట్టి. అక్కడ నేను ఎవరి కొడుకునో, ఎవరి వీధినో ఎవరికీ తెలియదు కదా, కొత్తగా మొదలుపెట్టవచ్చు అనుకున్నాను. వారం తిరిగేసరికి నేతవాణ్ణని తెలిసిపోయింది. అప్పటి నుంచి ఏ గుమాస్తా భార్య చీర కొన్నా డేరాకు పట్టుకొచ్చి, రంగు నిలుస్తుందా లేదా చెప్పమనేవాళ్ళు. దేశం గురించి, దేవుడి గురించి నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. సెలవు రోజుల్లో తుంగభద్ర ఒడ్డున ఒక్కణ్ణే నడిచేవాణ్ణి. ఒక ఆదివారం నడక ఆపి బస్సెక్కాను, అత్తను చూడటానికి.

ఆ పట్నం చేరేసరికి ఇంకా ఎండ రాలేదు. ముసలమ్మ ఇల్లు అడిగితే, ఆయమ్మ పడుగు కాడ ఉండాదని వీధి చూపించారు. నేను మలుపు తిరిగేసరికి పడుగు సాగి ఉంది, జనం నిలబడి ఉన్నారు. కొసన అత్త. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు. ఆమె కుంచెను గంజిలో ముంచి, కర్రకు పసుపు రాసి, మగవాళ్ళ చేతికి అందించింది. తొలి గంజి. తర్వాత పక్కకు జరిగి వంగి, పోగులు చూసుకుంటూ నడవడం మొదలుపెట్టింది. ఏ వాదనతో నేను ఆమెకు ఇప్పించలేకపోయానో అది ఆమె చేతుల్లో ఉంది. ఎలా వచ్చిందో నాకు కాసేపటికి గాని తెలియలేదు.

అత్త నన్ను చూసింది. "మా అన్న కొడుకు. కర్నూల్లో దొర కొలువు" అని అందరికీ చెప్పింది. పడుగు ఇంటి పెద్దాయన, తెల్ల మీసాలవాడు, చెయ్యి తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "కూకోప్పా, అంబలి తాగి పోదువు. దుడ్లు బాగా ఇస్తారా సర్కారోళ్ళు?" అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు, కానీ అందరికీ వినిపించేంతగానే. "మీ మామ ఎట్లుండాడప్పా షోలాపురంలో? కాగితం గీగితం వస్తాండాదా? ఆయమ్మను అడిగితే ఉండాడు అంటాది, ఇంగేమీ చెప్పదు. ఎంత ధైర్యమప్పా ఆయమ్మకు! పసుపు కుంకుమలతో సల్లగా ఉండాల."

కుంచెవాళ్ళు కూడా ఆగి నా వైపు చూశారు. అత్త మాత్రం చూడలేదు. ఆమె చేతుల్లో రెండు కొసలున్నాయి. వాటిని అతుకుతోంది, కానీ ఆ వేళ్ళు తిరగడం ఇప్పుడు నాకు కనిపిస్తోంది. ఎప్పుడూ కనిపించనివి కనిపిస్తున్నాయి. ఈ వీధి నుంచి ఆమె వెళ్ళడానికి ఇంకో వీధి లేదు. నేను పదహారో ఏట నుంచి అబద్ధమాడనని ఒట్టు పెట్టుకున్నవాణ్ణి. సత్యం ఎవరికి చేదైనా చెప్పి తీరాలని ఉపన్యాసాలిచ్చినవాణ్ణి. తెలియకపోతే తెలుసుకోండి అని అరిచినవాణ్ణి. వీళ్ళు తెలుసుకోవాలనే అడుగుతున్నారు, మర్యాదగా, ప్రేమగా.

"బాగుండాడు" అన్నాను. "మొన్ననే కాగితం వచ్చింది."

అంతటితో సరిపోయేది. కానీ అలవాటు లేని పని కదా, ఎక్కడ ఆపాలో తెలియలేదు. "కొంచెం దగ్గుండింది, ఇప్పుడు తగ్గిందంట" అని కూడా అన్నాను.

"మిల్లులో దూది ధూళి కదప్పా, దగ్గు తప్పదు" అన్నాడు పెద్దాయన సానుభూతిగా. కుంచెలు కదిలాయి. అత్త ఆ పోగు వదిలి ఇంకో పోగు దగ్గరికి పోయింది.

బస్సు దాకా నాతో నడిచి వచ్చింది. బస్సు కనిపించాక అంది: "దగ్గు యాల పెట్టినావురా ఆయప్పకు? ఇంగ వీధిలో ఒక్కొక్కరే వచ్చి నాకు కషాయాలు చెప్తారు."

"నోట్లోంచి వచ్చేసింది అత్తా."

"నేర్సుకుంటావులే" అంది. నా చొక్కా భుజం మీద ఏదో దూది పోగు ఉంటే తీసి పారేసింది. క్షమించిందో లేదో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. అడగకుండా ఉండటం కొందరికి ఎంత సాయమో అప్పటికి కొంచెం తెలిసింది.

తర్వాత ఏడాదికి ఒకసారి వెళ్ళేవాణ్ణి. వెళ్ళినప్పుడల్లా మామ దగ్గు గురించి అడిగేవాళ్ళు. నేను ప్రతిసారీ కొత్త కబురు తీసుకుపోయేవాణ్ణి. ఒకసారి మిల్లులో మేస్త్రీని చేశాను ఆయన్ను. అత్త పక్కనే కూర్చుని, వేరే వాళ్ళ భర్త కబుర్లు వింటున్నట్టు వినేది. ఒక్కోసారి ఆమె ముఖంలో చిన్న నవ్వు కనిపించేది. బస్సు దగ్గర "మేస్త్రీయా! ఆయప్పకు నూరు దాకా లెక్క పెట్టేది రాదు" అనేది. చచ్చిపోయిన మనిషిని మేమిద్దరం కలిసి కొన్నేళ్ళు పెంచాం. నా బతుకులో నేను నిజంగా ఎవరితోనైనా కలిసి ఒక పని చేశానంటే అదే.

ఆ దశాబ్దం చివర ఒక ఎండాకాలం ఆమెకు కామెర్లు వచ్చాయి. నాకు కబురు అంది నేను వెళ్ళేసరికే అయిపోయింది. ఆ వీధి ఆడవాళ్ళు ఆమెకు పసుపు రాసి తలంటి పోశారు. కొత్త చీర కట్టి, తల నిండా పూలు పెట్టి, పెద్ద బొట్టు దిద్దారు. ఒక్కొక్కరే వచ్చి ఆ పాదాల దగ్గరి కుంకుమ తీసుకుని తమ నుదుట పెట్టుకున్నారు, ముత్తైదువగా పోయిన అదృష్టవంతురాలని. ఇవన్నీ నేను నమ్మను. కానీ అడ్డం చెప్పకుండా గోడ పక్కన నిలబడ్డాను. తెల్ల మీసాల పెద్దాయన నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "మీ మామకు టెలిగ్రాం కొట్టాల గదప్పా. ఆయప్ప రాలేడులే, దూరం. కానీ తెలియాల గదా. పోయి ఇచ్చిరా. అంతసేపు ఎత్తకుండా ఆపుతాం."

పోస్టాఫీసుకు నడిచాను. లోపల ఎవరో ఒకాయన తల ఎత్తి ఏం కావాలన్నాడు. ఏమీ వద్దన్నాను. బయట అరుగు మీద కూర్చున్నాను. ఎదురుగా వీధిలో మనుషులు వస్తున్నారు, పోతున్నారు. ఆమె పోయిందని చెప్పవలసిన మనిషి ఈ లోకంలో ఒక్కడైనా ఉంటే బాగుండునని, ఆ మనిషి షోలాపురంలో నిజంగా దగ్గుతూ ఉంటే బాగుండునని ఆ కాసేపు మనసారా కోరుకున్నాను. టెలిగ్రాం ఇవ్వడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలియదు. త్వరగా వెళితే నమ్మరేమోనని ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ కూర్చున్నాను. లేచి వచ్చి చాలా ఏళ్ళయిందని లెక్క చెబుతుంది గాని, ఒంటరిగా ఉన్నప్పుడు కాలం కదలదు, నేనింకా ఆ అరుగు మీద ఇంకొంచెంసేపు అనుకుంటూనే ఉన్నాను.